నాడి చెప్పే లెక్కలు

మీ ఎడమ చెయ్యి చాపి, అరచెయ్యి పైకి ఉండేటట్లు పెట్టండి. మణికట్టు దగ్గర, బొటనవేలి మొదలుకు కాస్త కిందుగా, కుడిచేతి రెండు వేళ్ళు మెల్లగా ఆనించండి. బొటనవేలితో మాత్రం చూడకండి. దానికీ సొంత నాడి ఉంది, అది మిమ్మల్ని మోసం చేస్తుంది. వేళ్ళ కింద టక్... టక్... మని ఏదో కొట్టుకుంటోంది కదూ? గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు లెక్కపెట్టండి.

ఎంత వచ్చింది? 72? 80? 90? ఎంతైనా సరే, నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. దానితో మనకు ఇంకా పని ఉంది.

ఇప్పుడు మీరు చేసిన పని ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో చెప్పగలరా? నాడిని పట్టుకున్నారు, అది జీవశాస్త్రం. గడియారంతో కాలం కొలిచారు, అది భౌతికశాస్త్రం. అంకె రాశారు, అది గణితం. మూడు శాస్త్రాలు ఒక్క నిమిషంలో ఒకే మణికట్టు మీద కలిశాయి. కానీ పదో తరగతి పూర్తి కాగానే మేము పెద్దవాళ్ళం మిమ్మల్ని ఏమని అడుగుతాం? "ఎం.పి.సి.యా? బై.పి.సి.యా?" అని. మణికట్టు దగ్గర కలిసిన శాస్త్రాలను కాలేజీ గుమ్మం దగ్గర విడదీస్తాం!

రెండు పడవల మాట

కొన్నేళ్ళ కిందట రేపల్లె దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. రోజూ తెనాలిలో రైలెక్కి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్ళేవాణ్ణి. పదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. గుండె బొమ్మ వెయ్యమంటే నాలుగు గదులూ, కవాటాలూ, మంచి రక్తం దారి, చెడ్డ రక్తం దారి అన్నీ పొందికగా వేసేది. లెక్కల మాస్టారు కూడా ఆ అమ్మాయినే మెచ్చుకునేవారు. ఒకరోజు వచ్చి, "మాస్టారూ, నాకు లెక్కలూ ఇష్టమే, జీవశాస్త్రమూ ఇష్టమే. ఏది తీసుకోమంటారు?" అని అడిగింది.

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టకమ్మా, ఏదో ఒకటి తేల్చుకో" అన్నాను. నా మాట విని బై.పి.సి.లో చేరింది. డాక్టరు సీటు రాలేదు. బాపట్లలో డిగ్రీ చదివి ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనికి కుదిరింది.

నిరుడు తెనాలి స్టేషనులో కనిపించింది. "మాస్టారూ, మా దగ్గర రోజూ వందల రిపోర్టులు తయారవుతాయి. ఎవరి కాగితం వారు పట్టుకుపోతారు. ఆ అంకెలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఏం తెలుస్తుందో చూడాలని ఉంది. అందుకే రాత్రిపూట గణాంకశాస్త్రం చదువుతున్నాను. లెక్కలు వదిలి చాలా ఏళ్ళయింది కదా, కొంచెం కష్టంగానే ఉంది" అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రైలు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆ రోజు ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన పాఠం ఒకటి ఉంది. అప్పుడు చెప్పలేకపోయాను. దాన్ని ఇప్పుడు మీకు చెబుతాను.

నాడి గీతగా మారిన కథ

గుండె కొట్టుకునే ప్రతిసారీ దాని కండరాల గుండా సన్నని విద్యుత్ తరంగం ఒకటి ప్రయాణిస్తుంది. అది చర్మం మీదికి వచ్చేసరికి సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే ఉంటుంది. టార్చిలైటులో వేసే ఒక సెల్లు 1.5 వోల్టులు. అంటే ఆ సెల్లులో పదిహేను వందలో వంతు! అంత బలహీనమైన విద్యుత్తును పట్టుకుని కాగితం మీద గీతగా గీయించడం ఎలా?

నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ నగరంలో విల్లెమ్ ఐంతోవెన్ అనే శాస్త్రజ్ఞుడు 20వ శతాబ్దం మొదట్లో ఆ పని సాధించాడు. ఆయన యంత్రం రెండు గదులంత చోటు ఆక్రమించేది. రోగి రెండు చేతులనూ, ఒక కాలినీ ఉప్పునీళ్ళ పాత్రల్లో ముంచి కూర్చునేవాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఛాతీ మీద అతికించే బిళ్ళలకు ముత్తాతలు ఆ ఉప్పునీళ్ళ పాత్రలే. ఈ పనికి ఐంతోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గీతనే మనం ఇ.సి.జి. అంటున్నాం.

ఇలా వైద్యానికి కావలసిన పరికరాలను తయారుచేసే ఇంజనీరును బయోమెడికల్ ఇంజనీరు అంటారు. ఇతనికి గుండె ఎలా పనిచేస్తుందో తెలియాలి. విద్యుత్ వలయం ఎలా పనిచేస్తుందో కూడా తెలియాలి. ఒకటి తెలిసి రెండోది తెలియకపోతే పని జరగదు. ఒక్క ఉదాహరణ చూడండి. మన ఇళ్ళలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. గదిలో ఫ్యానూ, లైటూ ఉంటే చాలు, ఆ ఊగుడు కాస్త రోగి శరీరం మీదికీ, తీగల మీదికీ చేరి గుండె గీత మీద సన్నని వణుకులాగా కనిపిస్తుంది. ఆ వణుకును జల్లెడపట్టి తీసెయ్యాలి. అయితే దానితోపాటు గుండె తాలూకు అసలు మలుపు కూడా జల్లెడలో పోతే? జబ్బును చూపించే గీతే మాయమవుతుంది. ఏది చెత్తో ఏది గింజో తెలియాలంటే గుండె సంగతి తెలిసి ఉండాలి.

గీత అంకెలుగా మారిన కథ

పూర్వం ఇ.సి.జి. కాగితం మీద గీతగా మాత్రమే వచ్చేది. ఇప్పటి యంత్రాలు ఆ గీతను అంకెలుగా మారుస్తాయి. ఒక సెకనులో ఎన్నోసార్లు వోల్టేజిని కొలిచి రాసిపెడతాయి. సెకనుకు 250 సార్లు కొలిచే యంత్రాన్ని తీసుకుందాం. లెక్క మీరే వెయ్యండి.

నిమిషానికి: 250 × 60 = 15,000
గంటకు: 15,000 × 60 = 9,00,000
రోజుకు: 9,00,000 × 24 = 2,16,00,000

ఒక్క మనిషి, ఒక్క రోజు: 2 కోట్ల 16 లక్షల అంకెలు! 20 పడకలున్న వార్డులో అయితే 43 కోట్ల 20 లక్షలు. డాక్టరుగారికి రెండే కళ్ళు. వీటన్నిటినీ ఎవరు చూస్తారు?

ఇక్కడే రెండో విద్య అవసరమవుతుంది. కుప్పలుగా పడి ఉన్న అంకెల్లోనుంచి అర్థం తీసే విద్య అది. దానికి పునాది గణాంకశాస్త్రం, పనిముట్టు కంప్యూటరు. ఈ రెండింటినీ కలిపి ఇప్పుడు డేటా సైన్స్ అంటున్నారు. పేరు కొత్తదే కానీ పని పాతదే. మీ అమ్మగారు బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ఏది బియ్యమో ఏది రాయో ముందు తెలుసుకుని ఉంటారు. అంకెల కుప్ప దగ్గరా అంతే.

అంకెకు పుట్టిల్లు ఉంటుంది

2020, 2021 సంవత్సరాల్లో కరోనా రోజుల్లో మన ఊళ్ళలో వేలికి తగిలించే చిన్న పరికరం ఒకటి చాలా ఇళ్ళకు వచ్చింది. గుర్తుందా? ఆక్సిజన్ 97, 94, 90 అంటూ చూపించేది. దాని పేరు పల్స్ ఆక్సీమీటరు. దాని వెనక ఉన్న సూత్రాన్ని 1970ల మొదట్లో జపాన్‌కు చెందిన తకువో అఒయాగి అనే ఇంజనీరు కనిపెట్టాడు.

అది వేలి గుండా రెండు రకాల కాంతిని పంపుతుంది. ఒకటి ఎర్రని కాంతి, తరంగదైర్ఘ్యం సుమారు 660 నానోమీటర్లు. రెండోది కంటికి కనిపించని పరారుణ కాంతి, సుమారు 940 నానోమీటర్లు. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్రని కాంతిని ఎక్కువగా వదిలేస్తుంది, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిన రక్తం దీనికి తారుమారు. వేలిలో ఎముక ఉంది, చర్మం ఉంది, కండ ఉంది. అవీ కాంతిని పీలుస్తాయి. కానీ అవి నాడితోపాటు ఎగిరిపడవు. ధమనుల్లోని రక్తం మాత్రమే ప్రతి స్పందనకూ పొంగి తగ్గుతుంది. అందుకని మారుతూ ఉండే భాగాన్ని మాత్రమే తీసుకుని, రెండు కాంతుల నిష్పత్తి కడతారు. ఎంత చక్కని ఉపాయం!

అయితే ఆ నిష్పత్తి ఎంత ఉంటే ఆక్సిజన్ ఎంత శాతమో యంత్రానికి ఎలా తెలుస్తుంది? కొంతమంది ఆరోగ్యవంతుల మీద ముందుగా కొలిచి, వాళ్ళ రక్తాన్ని కూడా పరీక్షించి, ఒక పట్టిక తయారుచేస్తారు. యంత్రం ఆ పట్టిక చూసి చెబుతుంది. మరి ఆ కొంతమందిలో నల్లని చర్మం ఉన్నవాళ్ళు తక్కువగా ఉంటే?

2020లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆసుపత్రిలో అంతకుముందే నమోదైన అంకెలను తీసి పోల్చి చూశారు. యంత్రం "ఫరవాలేదు" అని చూపించినా రక్తంలో నిజానికి ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గిపోయిన సందర్భాలు, తెల్లవారికంటె నల్లవారిలో సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఎవరూ కావాలని చేసిన తప్పు కాదు. కాంతి సూత్రమూ తప్పు కాదు. చర్మపు రంగు కూడా కొంత కాంతిని పీలుస్తుంది, ఆ సంగతిని పట్టిక సరిగా లెక్కలోకి తీసుకోలేదు. దాని వల్ల కొందరికి అందవలసిన వైద్యం ఆలస్యమై ఉండవచ్చు.

చూశారా! ఇది ఇంజనీరింగు సమస్యా? వైద్య సమస్యా? లెక్కల సమస్యా? మూడూనూ. అంకె చూడగానే నమ్మకూడదు. ఆ అంకె పుట్టిల్లు ఎక్కడ, ఎవరి వేలి మీద పుట్టింది, ఏ పరికరంతో కొలిచారు అని అడగాలి. పరికరం తయారుచేసిన చేతులకు ఈ ప్రశ్న త్వరగా తడుతుంది. అందుకే బయోమెడికల్ ఇంజనీర్లు అంకెల విద్యలోకి వచ్చినప్పుడు బాగా రాణిస్తున్నారు.

హైదరాబాదు నుంచి బయలుదేరిన ఒక ఇంజనీరు

ఇలాంటి దారిలో నడిచిన తెలుగువారు ఒకరి గురించి చెబుతాను. ఆయన పేరు రవి బెల్లంకొండ. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బయోమెడికల్ ఇంజనీరింగు చదివారు. ఆ రోజుల్లో ఈ కోర్సు పేరు చెబితే, "అదేం చదువు, డాక్టరా, ఇంజనీరా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. తర్వాత అమెరికా వెళ్ళి బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. చేశారు. నాడీకణాలు ఎలా దారి వెతుక్కుంటూ పెరుగుతాయో ఎం.ఐ.టి.లో పరిశోధించారు.

తెగిపోయిన నరం మళ్ళీ పెరగాలంటే దానికి పాకడానికి పందిరిలాంటి ఆధారం కావాలి. ఆ పందిరిని ఏ పదార్థంతో, ఏ అమరికతో కట్టాలి అన్నది ఆయన పరిశోధన. కేస్ వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోనూ, 2003 నుంచి జార్జియా టెక్‌లోనూ ఈ పని కొనసాగించారు. 2014లో ఆయన బృందం ఒక చిత్రమైన ఫలితాన్ని ప్రకటించింది. మెదడులో వచ్చే ఒక రకం కాన్సరు కణాలు నరాల పోగుల వెంబడి పాకుతూ వ్యాపిస్తాయి. "అవి పాకడానికి ఇష్టపడే దారినే మనం కృత్రిమంగా వేస్తే?" అని వీళ్ళు ఆలోచించారు. అతి సన్నని ప్లాస్టిక్ పోగులను ఒకే దిశలో పేర్చి ఎలుకల మెదడులో అమర్చారు. కణాలు ఆ దారి పట్టుకుని మెదడు బయటికి వచ్చి, అక్కడ ముందుగా పెట్టిన మందు జిగురులో పడ్డాయి. ఎలుకల మెదడులోని కంతి పరిమాణం తగ్గింది. ఇది ఎలుకల మీద చేసిన ప్రయోగం. మనుషుల దాకా రావాలంటే ఇంకా చాలా మెట్లు ఉంటాయి. కానీ ఆ ఆలోచనలోని తెలివిని గమనించండి.

ఆ తర్వాత ఆయన పని ఒక ప్రయోగశాల గోడలు దాటింది. 2016లో డ్యూక్ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలకు డీన్ అయ్యారు. 2021లో ఎమరీ విశ్వవిద్యాలయంలో ప్రోవోస్ట్ అయ్యారు. ప్రోవోస్ట్ అంటే విశ్వవిద్యాలయంలో చదువు సంధ్యల వ్యవహారమంతా చూసే ప్రధానాధికారి. అక్కడ ఆయన నాయకత్వంలో 2022లో ఏ.ఐ. హ్యుమానిటీ అనే కార్యక్రమం మొదలైంది. కృత్రిమ మేధ తెలిసిన పండితులను కంప్యూటరు శాఖలో మాత్రమే కాకుండా వైద్యం, న్యాయం, వ్యాపారం, సాహిత్యం వంటి శాఖలన్నిటిలోనూ నియమించాలన్నది దాని ఉద్దేశం. 2025 జనవరిలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో అదే పదవి స్వీకరించారు. ఆ సంవత్సరం జూన్‌లో ఆ విశ్వవిద్యాలయం, తమ దగ్గర డిగ్రీ చదివే ప్రతి విద్యార్థీ, ఏ సబ్జెక్టు వాడైనా సరే, కృత్రిమ మేధను వాడుకోవడం నేర్చుకోవాలని ప్రకటించింది.

నరానికి పందిరి వేసిన ఇంజనీరు, వేలమంది విద్యార్థులకు అంకెల విద్య నేర్పే ఏర్పాట్లకు నాయకుడయ్యాడు. ఒక పడవ దిగి ఇంకో పడవ ఎక్కలేదు. మొదటి దాన్ని రెండో దానితో కలుపుకున్నాడు.

ఎముకలు కొలిచిన లెక్కల మాస్టారు

ఈ దారిలో ఎదురునుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అంటే లెక్కల వైపునుంచి బయలుదేరి జీవశాస్త్రం దగ్గరికి వచ్చినవాళ్ళు. వాళ్ళలో పెద్ద పేరు కల్యంపూడి రాధాకృష్ణారావుగారిది. లోకమంతా సి.ఆర్. రావు అంటుంది. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. మన గూడూరు, నూజివీడు, నందిగామల్లో బడి చదువు, విశాఖపట్నంలో కాలేజీ చదువు. గణితంలో ఎం.ఏ. చేసినా ఉద్యోగం దొరకలేదు. సైన్యంలో సర్వే ఉద్యోగం కోసం కలకత్తా వెళితే, వయసు చాలదన్నారు. ఆ ఊళ్ళోనే భారతీయ గణాంకశాస్త్ర సంస్థ గురించి విని, 1941లో అందులో చేరారు. చేతికి రాని ఆ ఉద్యోగం ఎంత మేలు చేసిందో!

1946లో ఆయన్ను కేంబ్రిడ్జికి పిలిపించింది పుర్రెలూ ఎముకలూ. సూడాన్ దేశంలో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన ప్రాచీన మానవుల అస్థిపంజరాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. వాటి కొలతలనుబట్టి ఆ మనుషులు ఎవరికి దగ్గరివాళ్ళో తేల్చాలి. అక్కడే రొనాల్డ్ ఫిషర్ దగ్గర 1948లో పిహెచ్.డి. చేశారు. ఎముకల కొలతల కోసం అభివృద్ధి చేసిన పద్ధతులు తర్వాత ఎన్నో శాస్త్రాలకు పనికివచ్చాయి. అంతకుముందే 1945లో రాసిన ఒక వ్యాసానికి 2023లో, అంటే 78 ఏళ్ళ తర్వాత, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 102. ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూశారు.

అంత దూరం ఎందుకు, మన బాపట్లనే చూడండి. మీరు రోజూ తినే సన్నబియ్యంలో బి.పి.టి. 5204 అనే రకం ఉంది. సాంబ మసూరి అన్నా అదే. బి.పి.టి. అంటే బాపట్ల! అక్కడి పరిశోధనా కేంద్రంలో తయారై 1986లో విడుదలైంది. ఒక కొత్త వరి వంగడం రావాలంటే ఎన్నో మళ్ళలో ఎన్నో రకాలు నాటి, ఎత్తు, కంకి పొడవు, గింజ బరువు, దిగుబడి ఏటేటా రాసి పోల్చాలి. ఒక మడిలో ఎక్కువ పండితే అది విత్తనం గొప్పా, నేల గొప్పా అని విడదీసి చూడాలి. మీ కంచంలోని అన్నం వెనక కూడా ఆ అంకెల విద్యే ఉంది.

వెయ్యిమంది ఉన్న ఊరు

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. చిన్న లెక్కే కానీ పెద్దలు కూడా పొరపాటు పడే లెక్క.

1000 మంది ఉన్న ఒక ఊరు. వాళ్ళలో 10 మందికి ఒక గుండెజబ్బు ఉంది, వాళ్ళకు ఆ సంగతి తెలియదు. మనం ఒక పరికరం తెచ్చాం. జబ్బు ఉన్న ప్రతి 10 మందిలో 9 మందిని సరిగ్గా పట్టుకుంటుంది. జబ్బు లేనివాళ్ళలోనూ 10 మందికి 9 మంది విషయంలో సరిగ్గానే చెబుతుంది, ఒక్కరి విషయంలో పొరపాటు పడుతుంది. మంచి పరికరమే కదా? ఊరందరికీ పరీక్ష చేశాం. ఒకాయనకు "జబ్బు ఉంది" అని వచ్చింది. నిజంగా ఉండే అవకాశం ఎంత? పదింట తొమ్మిది వంతులు అంటారా? ఆగండి.

జబ్బు ఉన్న 10 మందిలో 9 మందికి "ఉంది" అని వస్తుంది. జబ్బు లేని 990 మందిలో పదోవంతు, అంటే 99 మందికి కూడా పొరపాటున "ఉంది" అని వస్తుంది. మొత్తం 108 మంది భయపడతారు. వాళ్ళలో నిజమైన రోగులు 9 మందే. పన్నెండు మందిలో ఒక్కరు!

అదే పరికరాన్ని ఒక గుండె ఆసుపత్రికి తీసుకువెళదాం. అక్కడికి వచ్చే 1000 మందిలో 300 మందికి జబ్బు ఉందనుకోండి. 270 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, మిగిలిన 700 మందిలో 70 మందికి పొరపాటు చెబుతుంది. "ఉంది" అని వచ్చిన 340 మందిలో 270 మంది నిజమైన రోగులే. ఇంచుమించు అయిదింట నాలుగు వంతులు. పరికరం అదే, మనుషులు మారారు, జవాబు మారింది!

పరికరం మాత్రమే తెలిసినవాడు "పదింట తొమ్మిది వంతులు సరైనది" అని అమ్ముకుని వెళ్ళిపోతాడు. లెక్క కూడా తెలిసినవాడు, "ఊళ్ళో ఈ పరీక్ష చేస్తే 99 మంది నిష్కారణంగా భయపడతారు. కనుక 'ఉంది' అని వచ్చినవాళ్ళకు రెండో పరీక్ష చేశాకే మాట బయటపెట్టండి" అని చెబుతాడు. ఈ మాటను డాక్టరుకూ, అధికారికీ, ఊరి పెద్దకూ అర్థమయ్యేలా చెప్పగలిగితే అతనే నాయకుడు. కుర్చీలో కూర్చోవడం నాయకత్వం కాదు. సరైన ప్రశ్న అడగడం, తప్పు అంకెను పట్టుకోవడం, జవాబును సాదా మాటల్లో చెప్పడం: ఈ మూడూ నాయకత్వం.

మీ దారి ఏది?

బయోమెడికల్ ఇంజనీరింగును ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, ఐ.ఐ.టి. హైదరాబాదులోనూ నేర్పుతున్నారు. ఇంజనీరింగు తర్వాత పై చదువుకు వెళ్ళేవాళ్ళు రాసే గేట్ పరీక్షలో 2020 నుంచి ఈ సబ్జెక్టుకు వేరే ప్రశ్నపత్రం ఉంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ మన దేశంలోనే తయారుచేసిన గుండె కవాటాన్ని 1990లో మొదటిసారి ఒక రోగికి అమర్చింది. ఈ రంగంలో చేయవలసిన పని మన దేశంలో ఎంతైనా ఉంది.

దీనికి సాధారణంగా ఇంటర్మీడియట్‌లో గణితం కావాలి. ఎం.పి.సి. తీసుకున్నవాళ్ళు జీవశాస్త్రాన్ని తర్వాత ఇష్టంగా చదువుకోవచ్చు. బై.పి.సి. తీసుకున్నవాళ్ళు లెక్కలకు పూర్తిగా నీళ్ళొదలకండి. సగటు, సంభావ్యత, గ్రాఫులు చేతిలో ఉంచుకోండి. 2025-26 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్‌లో గణితమూ జీవశాస్త్రమూ కలిపి చదివే ఏర్పాటు కూడా వచ్చింది. రెండూ చదవడం బరువే. అందరూ మొయ్యాలని లేదు. కానీ రెండూ ఇష్టమైనవాళ్ళు మీ కాలేజీలో ఆ వీలుందేమో చేరకముందే అడిగి తెలుసుకోండి. అడగకపోతే ఎవరూ చెప్పరు. నేనే చెప్పలేదు కదా!

చేసి చూడండి

మొదట రాసుకున్న మీ నాడి అంకె తీయండి. మీ తరగతిలో మరో నలుగురి నాడి కూడా కొలవండి. ఇలా వచ్చిందనుకోండి: 72, 76, 80, 68, 124. సగటు కడితే 84 వస్తుంది. కానీ అయిదుగురిలో ఎవరి నాడీ 84కు దగ్గరలో లేదు, ఒక్క 80 తప్ప. అంకెలను చిన్నదానినుంచి పెద్దదానికి పేర్చి మధ్యది చూడండి: 68, 72, 76, 80, 124. మధ్యది 76. ఏది మీ జట్టును బాగా చెబుతోంది?

మరి ఆ 124ను కొట్టెయ్యవచ్చా? వీల్లేదు! ముందు ఆ కుర్రవాణ్ణి పిలిచి అడగండి. రైలు దిగి బడికి పరుగెత్తి వచ్చాడేమో! పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ కొలవండి. తగ్గితే పరుగే కారణం. తగ్గకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరుగారికి చూపించాలి. అడక్కుండా కొట్టేసిన అంకె ఒక మనిషి కావచ్చు.

ఇంకొకటి. కొందరు 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణిస్తారు. అలా చేస్తే ఒక్క దెబ్బ పొరపాటు పడినా నిమిషానికి 4 తేడా వస్తుంది. పూర్తి నిమిషం లెక్కపెడితే 1 మాత్రమే తేడా. ఒకే మనిషి నాడిని ఇద్దరు ఒకేసారి, రెండు చేతుల మీద లెక్కపెట్టి చూడండి. ఇద్దరికీ ఒకే అంకె వచ్చిందా?

ఆలోచించండి

1. వెయ్యిమంది ఊరి లెక్కలో "ఉంది" అని వచ్చిన 108 మందికి అలాంటిదే మరో పరీక్ష చేశాం. రెండో పరీక్ష పొరపాట్లకు మొదటి పరీక్షతో సంబంధం లేదు. రెండుసార్లూ "ఉంది" అని వచ్చేవాళ్ళు సుమారు ఎంతమంది? వాళ్ళలో నిజమైన రోగులు ఎంతమంది?

2. మీ బడిలో పిల్లల నాడుల పట్టిక తయారుచేసి, "మన జిల్లా ప్రజల నాడి ఇంత" అని చెప్పవచ్చా? ఎందుకు చెప్పకూడదు?

3. మీ ఇంట్లో ఏ ఏ అంకెలు రోజూ పుడుతున్నాయి? ఒకదాన్ని నెలరోజులు రాసి గ్రాఫు గీయండి.

చివరిగా ఒక మాట. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లలు కనుక మీకు తేలిగ్గా అర్థమవుతుంది. రెండు పడవల మీద చెరొక కాలూ పెడితే మునుగుతాం, నిజమే. కానీ అవే రెండు పడవలను పక్కపక్కన చేర్చి, గట్టిగా కట్టి, పైన బల్లలు పరిస్తే దాన్ని బల్లకట్టు అంటారు. ఒక్క పడవ మొయ్యలేని బళ్ళనూ, పశువులనూ, మనుషులనూ కలిపి అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. ఆ అమ్మాయి ఇప్పుడు రాత్రిళ్ళు కూర్చుని ఆ బల్లలు పరుచుకుంటోంది. మీకు ఇంకా పగలే ఉంది. మొదలుపెట్టండి!